గర్భిణుల జ్వరాన్ని డెంగీ అని వదిలేయవద్దు

సంపాదకులకు నమస్కారం. 2024లో పుణేలో గర్భిణులకు దోమల ద్వారా వ్యాపించే జికా వైరస్ సోకినా, గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు తెలుగు పల్లెల్లో దోమ అంటే నేటికీ మలేరియాయే. రాత్రి దోమతెర కట్టుకునే ఇంటి పెరట్లోనే, సిమెంటు తొట్టిలో డెంగీని, జికాను మోసుకొచ్చే, పగలు కుట్టే ఏడిస్ దోమల లార్వాలు తేలుతుంటాయి. 2015లో ఈశాన్య బ్రెజిల్‌లో జికా సోకిన తల్లులకు మరీ చిన్న తలలతో శిశువులు పుట్టినప్పుడు, ఆ తల్లులకు అంతకుముందు వచ్చిన డెంగీయే ముప్పును పెంచిందేమోనన్న అనుమానానికి ప్రయోగశాల ఫలితాలు కొంత బలమిచ్చాయి. కానీ అదే ప్రాంతంలోని సాల్వడార్ నగరవాసులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, డెంగీ ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఎక్కువగా ఉన్నవారికి జికా సోకడమే తగ్గినట్లు కనిపించింది. అలాగని డెంగీ వచ్చిపోయిందిలే అన్న ధీమా తగదు. పాత డెంగీ ప్రతిరక్షకాలు జికా యాంటీబాడీ పరీక్షను తికమకపెడతాయి కనుక, జ్వరంతో వచ్చిన గర్భిణి నమూనాను తొలి వారంలోనే, వైరస్‌ను నేరుగా గుర్తించే ఆర్టీపీసీఆర్ పరీక్షకు పంపే ఏర్పాటు సిరోంచలోనే ఉండాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సిరోంచ