గాయం ఎలా తగిలిందో అడగని చికిత్స: మీ అర్జంట్ కేర్ క్లినిక్‌లపై ఫిర్యాదు

క్లినిక్‌ల నిర్వహణ సంస్థ వైద్య విభాగం అధిపతి గారికి,

విషయం: పనిలో దెబ్బ తగిలినవాళ్లను మీ క్లినిక్‌లలో పరీక్షిస్తున్న తీరు, పనికి పంపే చీటీలు రాస్తున్న తీరు గురించి.

అయ్యా,

మా ఫ్యాక్టరీలో దెబ్బ తగిలినవాళ్లను మీ అర్జంట్ కేర్ క్లినిక్‌లకు పంపేలా మా యాజమాన్యం మీతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం మీద మాకు అభ్యంతరం లేదు. చిన్న కోతలు, బెణుకులు, కంట్లో పడ్డ నలుసులు, అరచేయంత కన్నా పెద్దవి కాని బొబ్బలు పట్టుకుని పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో గంటల తరబడి కూర్చోవాల్సిన పని లేదు. ఎక్స్‌రే, కుట్లు, టీటీ ఇంజెక్షన్ ఒకేచోట దొరికే క్లినిక్ మాకు అవసరం. మా ఫిర్యాదు వేరు. మీ దగ్గర గాయం ఎంతుందో చూస్తున్నారు, అది ఎలా తగిలిందో అడగడం లేదు.

మీ నమోదు ఫారంలో పేరు, వయసు, కంపెనీ, బిల్లు ఎవరు కడతారు, దెబ్బ ఏ భాగానికి, నొప్పి పదికి ఎంత అన్న గడులున్నాయి. ఏ యంత్రం, ఏ రసాయనం, గొట్టంలో ఒత్తిడి ఎంత, ఎన్ని గంటలకు జరిగింది, మనిషిది కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్న గడులు మాత్రం లేవు. పనిచోట తగిలే దెబ్బల్లో ప్రమాదం సగం ఈ జవాబుల్లోనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు గ్రీజు గన్, హైడ్రాలిక్ గొట్టం, పెయింట్ స్ప్రే దెబ్బలు. గొట్టానికి సన్నటి చీలిక పడితే చదరపు అంగుళానికి వేల పౌండ్ల ఒత్తిడితో నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి కనిపించేది సూది గుచ్చినంత రంధ్రం. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం ఆ నూనె టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) తొడుగు వెంట అరచేతి వరకు పాకుతుంది, వాపు రక్తప్రసరణను నొక్కేస్తుంది, రసాయనం కండను తినేస్తుంది. పెయింటు, థిన్నర్లయితే మరీ ఘోరం. ఇలాంటి మనిషి గంటల్లోనే చేతి శస్త్రచికిత్స చేసే సర్జన్ బల్ల మీద ఉండాలి. 6 గంటలు దాటేకొద్దీ వేలు తీసేయాల్సి వచ్చే అవకాశం పెరుగుతుంది. మీ క్లినిక్‌లో ఈ రంధ్రాన్ని గుచ్చుకున్న గాయంగా రాసుకుని, శుభ్రం చేసి, యాంటీబయాటిక్ ఇచ్చి, 3 రోజుల తర్వాత రమ్మంటున్నారు. నొప్పి తగ్గడానికి వేలి మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం ఇంకో తప్పు. అప్పటికే బిగుసుకున్న వేల్లోకి మరికొంత ద్రవం ఎక్కించినట్టవుతుంది. ఈ కేసులో క్లినిక్ చేయాల్సింది కొంచెమే: ఉంగరం తీసేయడం, చెయ్యి ఎత్తి ఉంచడం, టీటీ ఇవ్వడం, రోగిని ఏమీ తిననీయకపోవడం, సర్జన్‌కి ఫోన్ చేసి అంబులెన్స్ ఎక్కించడం. ఏ ద్రవం ఎంత ఒత్తిడితో వెళ్లిందో చీటీలో రాసి పంపితే సర్జన్‌కి ఎంతో మేలు.

రసాయనాల విషయంలోనూ ఇదే వరస. కాలింది అనగానే అన్నిటికీ ఒకే లేపనం పూస్తున్నారు. తుప్పు వదిలించడానికి, గాజు మీద చెక్కడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తక్కువ గాఢతలో ఉంటే చర్మం మీద దాదాపు ఏమీ కనిపించదు. నొప్పి మొదలవడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆలోగా అది లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె లయ తప్పించగలదు. దీనికి వాడాల్సింది 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్. నీళ్లతో బాగా కడిగి, గ్లోవ్ తొడుక్కున్న చేత్తో నొప్పి తగ్గేదాకా రుద్దుతూ ఉండాలి, ఈసీజీ తీయాలి, పెద్దాసుపత్రికి పంపాలి. మీ మందుల అరలో ఈ జెల్ లేదు. మాలాంటి ఫ్యాక్టరీతో ఒప్పందం ఉన్న క్లినిక్‌లో అది లేకపోవడం మాకు మింగుడు పడడం లేదు.

క్షారాలది ఇంకో తీరు. తడి సిమెంటు, సున్నం, కాస్టిక్ సోడా ఒక్కోసారి మొదట పెద్దగా మంట పుట్టించకుండానే కండలోకి దిగుతాయి. కంట్లో పడితే చూపు పరీక్ష, ఫారం నింపడం అన్నీ పక్కన పెట్టి ముందు కడగాలి. మా ఫ్యాక్టరీలో 15 నిమిషాలు కడిగి పంపినా మీ దగ్గర ఆపకూడదు. పీహెచ్ పట్టీతో క్షారం ఇంకా ఉందేమో చూసి, పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా సెలైన్ పోయాలి, ఆపిన 5, 10 నిమిషాలకు మళ్లీ చూడాలి. రెప్పల మడతల్లో ఇరుక్కున్న సున్నపు ముక్క మళ్లీ మళ్లీ కరుగుతూనే ఉంటుంది. పై రెప్ప తిరగేసి తుడవకపోతే ఎంత కడిగినా ఫలితం ఉండదు.

రసాయనం కాని కంటి దెబ్బలకు మాత్రం చూపు పరీక్షే మొదటిది, ఒక్కో కంటికి విడివిడిగా. గ్రైండర్ రవ్వ, సుత్తితో ఇనుము మీద కొట్టినప్పుడు ఎగిరిన ముక్క, ఈ రెండూ ఒకటి కావు. రవ్వ సాధారణంగా నల్లగుడ్డు మీద అంటుకుని ఆగుతుంది. తీసేసి, చుట్టూ పట్టిన తుప్పు వలయాన్ని మర్నాడైనా కంటి డాక్టరు చూస్తే చాలు. సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క కన్ను చీల్చుకుని లోపలికి వెళ్లగలదు, బయట చిన్న ఎర్రచార తప్ప ఏమీ కనిపించదు. ఆ అనుమానం ఉంటే గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. మెత్తటి దూదికట్టు కాదు, ఎముకల మీద ఆనే గట్టి డిప్ప పెట్టాలి. సీటీ స్కాన్ తీయాలి, ఎంఆర్ఐ జోలికి వెళ్లకూడదు, అయస్కాంతం లోపలి ఇనుప ముక్కను కదిలిస్తుంది. ఇంకో మాట: మత్తు చుక్కల సీసా చేతికిచ్చి ఇంటికి పంపకండి. నొప్పి తెలియక జనం వాటినే వాడుతూ పోతారు, పుండు మానదు.

చేతి కోతల గురించి క్లుప్తంగా. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేశాక స్పర్శ చూడటం వృథా. ముందే వేలికి రెండు పక్కలా స్పర్శ చూడండి, ఒక్కో కణుపును విడిగా పట్టుకుని వంచమనండి. టెండన్ సగం తెగినా వేలు వంగుతుంది, వారం తర్వాత బరువెత్తినప్పుడు పుటుక్కున తెగుతుంది. సెంటీమీటరు గాయానికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లయినా ధారగా పోయండి. టీటీ లెక్క కూడా గాయాన్ని బట్టి మారుతుంది: టీకాలన్నీ పూర్తిగా వేసుకున్నవాళ్లకు శుభ్రమైన గాయమైతే చివరి డోసు వేసి 10 ఏళ్లు, మట్టీ మడ్డీ అంటిన గాయమైతే 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయాలి.

చెయ్యి ఆనించి పడ్డప్పుడు బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే, ఎక్స్‌రే బాగున్నా మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక విరిగిందనే అనుకుని బొటనవేలితో కలిపి కట్టు వేయాలి, 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ ఎక్స్‌రే తీయాలి. బెణుకు అని పంపేస్తే ఆ ఎముక అతక్కుండా ఉండిపోవచ్చు. ముంజేయి యంత్రంలో నలిగిన మనిషికి దెబ్బను మించిన నొప్పి ఉంటే, వేళ్లు సాగదీసినప్పుడు అది పెరిగితే, నాడి కొడుతోంది కదా అని ఊరుకోకూడదు. కండరాలను చుట్టిన బిగుతు పొర లోపల ఒత్తిడి పెరిగినా చాలాసేపటి వరకు నాడి అందుతూనే ఉంటుంది.

ఇక చీటీలు. మీ దగ్గరి నుంచి వచ్చేవాటి మీద 'లైట్ డ్యూటీ' అని తప్ప ఇంకేమీ ఉండటం లేదు. సూపర్‌వైజరు దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటాడు. నడుం పట్టేసినవాడిని కుర్చీలో 8 గంటలు కూర్చోబెట్టడమూ లైట్ డ్యూటీయే అనుకుంటాడు, నిజానికి అది నడుముకు చెడు చేస్తుంది. ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు, భుజం పైకి చెయ్యి లేపవచ్చా, ఏకబిగిన ఎంతసేపు నిలబడవచ్చు, నిచ్చెన ఎక్కవచ్చా, కట్టు తడవవచ్చా, ఎప్పటివరకు అన్నది రాయండి. ట్రమడాల్ వంటి మగత తెచ్చే మందు రాసినప్పుడు ఫోర్క్‌లిఫ్ట్, ప్రెస్ నడపకూడదని తప్పకుండా రాయండి. మందు పేరు యాజమాన్యానికి చెప్పాల్సిన పని లేదు, ఏ పని చేయకూడదో చెబితే చాలు. ఈ తేడా మీ సిబ్బందికి తెలియదని అనుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే పరీక్ష గదిలోకి మా సూపర్‌వైజర్లను కూడా రానిస్తున్నారు. పక్కన అధికారి ఉంటే యంత్రం మీది రక్షణ కవచం తీసేసి ఉందని, గ్లోవ్స్ ఇవ్వలేదని ఎవరూ చెప్పరు. గాయం ఎలా తగిలిందన్నది అక్కడే మాయమైపోతుంది.

రిజిస్టరులో ప్రమాదం చిన్నదిగా కనిపించాలని కుట్లు వేయాల్సిన గాయానికి పట్టీలు అతికించమని ఎవరైనా, మా యాజమాన్యమైనా సరే, మీకు ఫోన్ చేస్తే వినకండి. కీలు మీది గాయం పట్టీలతో ఆగదు.

మా వైపు నుంచి రెండు పనులు మొదలుపెడుతున్నాం. రసాయనం తగిలిన ప్రతి మనిషితో ఆ డబ్బా తాలూకు సేఫ్టీ డేటా షీట్ (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం) పంపుతాం, ప్రథమ చికిత్స చెప్పే 4వ విభాగానికి గుర్తు పెట్టి. గాయం తగిలిన తీరు, సమయం, యంత్రం, ఒత్తిడి రాసిన అర పేజీ కాగితం కూడా పంపుతాం. దాన్ని మీ డాక్టరు చదివి సంతకం చేయాలి. మీ ఫారం మారాలి, జెల్ తెప్పించాలి, పరీక్ష గది తలుపు మూయాలి. మా నర్సు మనిషిని పంపేముందే మాట్లాడగలిగేలా డ్యూటీ డాక్టరు నంబరు ఇవ్వాలి. ఏ దెబ్బలను మీ దగ్గరికి తేకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలో రాతపూర్వకంగా చెప్పాలి. అధిక ఒత్తిడి ఇంజెక్షన్ దెబ్బలు, తెగిపడిన వేళ్లు, హై వోల్టేజ్ షాకులు, స్పృహ తప్పిన తల దెబ్బలు ఆ జాబితాలో ఉండాలని మా అభిప్రాయం.

15 రోజుల్లో లిఖితపూర్వక జవాబు ఇవ్వండి. అప్పటివరకు గ్రీజు గన్, హైడ్రాలిక్ దెబ్బలు తగిలినవాళ్లను మీ క్లినిక్‌కి పంపవద్దని మా యాజమాన్యానికి ఈరోజే రాశాం. ఈ లేఖ ప్రతిని వాళ్లకూ ఇచ్చాం.

ఇట్లు,
కార్మికుల భద్రతా కమిటీ సభ్యులు