పాషండురాలికి నాన్న రాసేది

దర్శి,
ఆదివారం

చిట్టితల్లీ,

నువ్వు హాస్టల్‌కు వెళ్లి వారం దాటింది. నాన్నమ్మతో ఒక్కసారి కూడా ఫోనులో మాట్లాడలేదు. కార్తీక సోమవారం గుడికి రానన్నావని ఇరుగుపొరుగు ముందు ఆమె నిన్ను ‘పాషండురాలు’ అంది. నువ్వు ‘మూఢురాలు’ అని బదులిచ్చావు. నేను దీపం ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకుని మధ్యలో నిలబడ్డాను.

పురాణ కాలక్షేపంలో ఆమె చెవిన పడిన మాట అది. అర్థం అడిగితే ‘దేవుడంటే లెక్కలేనివాళ్లు’ అంది. నేను నిఘంటువు తీశాను. వేదాన్ని నమ్మనివాడనీ, కపట వేషధారి అనీ ఉంది. హిందీలో పాఖండి అంటే ఇప్పుడు దొంగ భక్తుడే. నమ్మనివాడికీ, నమ్మినట్టు నటించేవాడికీ ఒకే మాట! నటించడం చేతకాకే కదా నువ్వు తిట్టు తిన్నది.

ఇంకా వెనక్కి వెళితే విచిత్రంగా ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఇది తిట్టే కాదు. పాషండం అంటే ఒక మతశాఖ, అంతే. అన్ని పాషండాలవారినీ, సన్యాసులనూ గృహస్థులనూ గౌరవిస్తున్నానని 12వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ శాసనాలున్నాయి. తర్వాత వేదాన్ని ఒప్పుకోని బౌద్ధులకూ జైనులకూ ఆ పేరు అంటగట్టారు. మనుస్మృతి 4వ అధ్యాయానికి వచ్చేసరికి పాషండులను మాటతోనైనా ఆదరించకూడదు. ‘పా’ అంటే వేదధర్మం, దాన్ని ఖండించేవాడు పాఖండుడు అని వ్యాఖ్యాతలు తిట్టుకు కొలత తీసి మరీ వ్యుత్పత్తి కుట్టారు.

నీ చిన్నప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం చూడడానికి వెళ్లాం, గుర్తుందా? ఎండకు తాళలేక ఏడ్చావు. శాతవాహనుల కాలంలో అక్కడ ప్రదక్షిణ చేసినవాళ్లంతా నాన్నమ్మ లెక్కలో పాషండులే. వాళ్లకు భక్తి తక్కువని ఎవరనగలరు?

అశోకుడి ఆ 12వ శాసనంలోనే ఇంకో మాట ఉంది. తన శాఖను పొగుడుకుంటూ ఎదుటివారి శాఖను తెగడేవాడు తన శాఖకే హాని చేస్తాడట. అది చదువుతుంటే నీ ‘మూఢురాలు’ గుర్తొచ్చింది.

నిన్న ఇదంతా నాన్నమ్మకు చెప్పాను. ఒత్తులు చేసుకుంటూ చివరిదాకా విని, ‘ఆయన మహారాజు, ఎవరినైనా గౌరవిస్తాడు. దీపం పెట్టమంటే పెట్టని మనవరాలు ఆయనకుందా?’ అంది. నాకు సమాధానం తోచలేదు. నువ్వే ఫోను చేసి చెప్పు.

నాన్న