వార్షిక నివేదిక 2024-25: బాలవిద్య కోర్సుల విద్యార్థి జట్లు, అంగన్‌వాడీ సేవ (కర్నూలు)

సభ్యులకు నమస్కారం.

పసిపిల్లల విద్యకు సంబంధించిన కోర్సులు చదివే విద్యార్థులు అంగన్‌వాడీ కేంద్రాల్లో చేసే సేవకు తోడుగా ఉండడం మన సంఘం పని. ఇంటర్ వొకేషనల్‌లో ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు, ప్రీ స్కూల్ డిప్లొమా చేస్తున్నవాళ్లు, డిగ్రీలో హోంసైన్స్ చదివేవాళ్లు ఈ జట్లలో ఉన్నారు. కర్నూలు పట్టణం, కల్లూరు, పడమటి మండలాల్లో కొన్ని ఊళ్లు మన పరిధి. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. పని ఎలా జరిగింది, ఎక్కడ బెడిసింది, ఎందుకు బెడిసింది, ఏం మార్చుకున్నాం అన్నవి మాత్రమే ఇందులో ఉన్నాయి.

ఏడాది పొడుగునా ఒక్క నియమం మీద నిలబడ్డాం. ఒక కేంద్రానికి ఎప్పుడూ అదే నలుగురు వెళ్లాలి, వారంలో అదే రోజు వెళ్లాలి. మూడేళ్ల బిడ్డ కొత్త మనిషి ఒళ్లోకి మొదటిరోజే రాదు. మొదటి వారం గోడకు ఆనుకుని చూస్తుంది, రెండో వారం దగ్గరికొచ్చి నిలబడుతుంది, మూడో వారానికి చేతిలో బొమ్మ తీసుకుంటుంది. నాలుగో వారం ఇంకొకరు వెళ్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్త పరిస్థితీ అంతే. ప్రతిసారీ కొత్తవాళ్లకు నీళ్లబిందె ఎక్కడుంది, ఏ బిడ్డకు ఏం పడదు అని చెప్పుకోవలసి వస్తే ఆమెకు మన రాక సాయం కాదు, ఇంకో పని.

గంటల లెక్క

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. ఈ గంటలు త్వరగా నిండాలన్న ఆత్రంలో ఒకేరోజు పన్నెండు మంది కలిసి ఒక కేంద్రానికి వెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవడం అన్ని చోట్లా కనిపించే పొరపాటు. 2013 నాటి జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం ముప్పై మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలంటుంది. మన కేంద్రాల్లో చాలావాటికి అంత చోటు లేదు. అందులో పన్నెండు మంది పెద్దవాళ్లు నిలబడితే పిల్లలు కాళ్ల మధ్య ఇరుక్కుంటారు.

అందుకే లెక్కను ఇలా విడగొట్టుకున్నాం. వారానికి రెండు గంటల సందర్శన, ముప్పై వారాలకు అరవై గంటలు. ప్రతి సందర్శనకు ముందు ఒక గంట తయారీ, అది ముప్పై. మిగిలిన ముప్పై గంటలు బొమ్మలు, గుడ్డ పుస్తకాలు చేయడానికి. 120 నిండుతుంది, ఎవరికీ హడావుడి ఉండదు.

నలుగురి పనులు ముందే పంచి ఉంటాయి. ఒకరు పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి ఆట నడుపుతారు. ఒకరు గుంపులో ఇమడని బిడ్డల పక్కన కూర్చుంటారు. ఒకరు నీళ్లు, మరుగుదొడ్డి, వస్తువుల పని చూస్తారు. నాలుగో మనిషి ఏమీ చేయకుండా చూసి రాస్తుంది. ఈ నాలుగో పని దగ్గరే విద్యార్థులు మొదట్లో తడబడ్డారు. ‘రాము బాగా ఆడాడు’ అని రాస్తే దానివల్ల ఉపయోగం లేదు. ‘మూడు దిమ్మెలు పేర్చాడు, నాలుగోది పడిపోగానే లేచి వెళ్లిపోయాడు, పిలిస్తే రాలేదు’ అని రాస్తే వచ్చే వారం ఏం చేయాలో తెలుస్తుంది. ‘మంచి, చురుకు, మొండి’ లాంటి మాటలు ఆ పుస్తకంలో రాయకూడదని జూలైలోనే తీర్మానం చేశాం.

బిస్కెట్ల మాట కూడా చెప్పాలి. పదకొండున్నరకు ప్రేమగా పంచిన బిస్కెట్ ప్యాకెట్ వల్ల పన్నెండున్నరకు పప్పన్నం, గుడ్డు పళ్లెంలో మిగిలిపోతాయి. పోషకాహారం కోసమే నడిచే చోట తిండి చెడగొట్టినవాళ్లం అవుతాం. పుట్టినరోజు దాతలకు కూడా ఇదే చెప్పి, బిస్కెట్ల బదులు చేతులు తుడుచుకునే నూలు తువ్వాళ్లు ఇమ్మన్నాం.

బొమ్మల సంచి

ఒక్కో కేంద్రానికి ఒక సంచి. అందులో చెక్క దిమ్మెలు, గుడ్డ పుస్తకాలు నాలుగు, గలగల సీసాలు ఆరు, పిండిముద్ద డబ్బా, రంగు దారపు ఉండలు.

గుడ్డ పుస్తకానికి ఎమ్మిగనూరు నేత దుప్పటి పాతబడింది దొరికితే అంతకన్నా మంచిది లేదు. 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న ముక్కలు నాలుగు ఒకదానిపై ఒకటి పెట్టి నడిమధ్యన కుట్టు వేస్తే ఎనిమిది ఆకులు, పదహారు పుటలు అవుతాయి. మొదటి విడతలో చేసినవాటిలో రంగు పాకిపోయి పిల్లి బొమ్మ ఏదో, గోడ ఏదో తెలియలేదు. మెత్తబడిన పాత గుడ్డ రంగును పీల్చుకుని పక్కకు లాగడమే కారణం. రెండో విడతలో చిక్కని గంజి పెట్టి, ఎండబెట్టి, ఇస్త్రీ చేశాక వేశాం. గీత నిలిచింది.

పిండిముద్దకు గోధుమపిండి రెండు గ్లాసులు, ఉప్పు ఒక గ్లాసు, వంటనూనె రెండు చెంచాలు, నీళ్లు ముప్పావు గ్లాసుతో మొదలుపెట్టి చేతికి అంటుకోనంత వరకు. రంగుకు పసుపో, బీట్‌రూట్ రసమో చాలు. ఉప్పు దండగ అనిపించి తగ్గిస్తే రెండో రోజుకే ముద్ద పులుస్తుంది. మన కర్నూలు ఎండకు ముద్ద తొందరగా బీటలు వారుతుంది, తడిగుడ్డ చుట్టి మూత గట్టిగా పెట్టాలి. వేళ్లకు గాయాలున్న బిడ్డకు ఉప్పు మండుతుంది. ఏడ్చి చెయ్యి వెనక్కి లాక్కుంటే మారాం అనుకోవద్దు, ఆ బిడ్డకు బంకమట్టి ఇవ్వాలి. అంత ఉప్పున్న ముద్ద కడుపులోకి పోవడం మంచిది కాదు గనక నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అసలు ఇవ్వం.

గలగల సీసాల్లో చింతగింజలు పావు వంతు వరకే పోయాలి. నిండా పోస్తే చప్పుడు రాదు. మూత తిప్పి, బంక పూసి, పైన దారం చుట్టి మళ్లీ బంక పూయాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే కేంద్రానికి అక్కతోపాటు ఏడాదిన్నర తమ్ముడూ వస్తాడు, వాడికి గింజ దొరికితే నేరుగా నోట్లోకి. ప్రతి జట్టు దగ్గరా 3.2 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం కోసిన అట్ట ఒకటి ఉంటుంది. ఆ రంధ్రంలోంచి దూరి కిందపడిన వస్తువు మూడేళ్లలోపు పిల్లల దగ్గరికి వెళ్లదు. పది రూపాయల బిళ్ల వెడల్పు 2.7 సెంటీమీటర్లే, అది కూడా దూరిపోతుంది. ఆరు వారాలకోసారి సంచి మొత్తం కుమ్మరించి పరీక్షించాలన్నది నియమం. డిసెంబరులో ఒక జట్టు ఈ పరీక్ష తప్పించింది, జనవరిలో చూస్తే రెండు సీసాల మూతలు వదులై ఉన్నాయి. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి పరీక్ష చేసిన తేదీ సంచి లోపలే రాసి, ఇద్దరు సంతకం చేస్తున్నారు.

ఇంటి భాష

పాతబస్తీ కేంద్రాల్లో ఉర్దూ, హొళగుంద, కౌతాళం వైపు కన్నడం, తండాల్లో లంబాడీ. ఆ బిడ్డలకు తెలుగు రాదని విద్యార్థులు రాసుకొచ్చిన పుటలు ఈ ఏడాది చాలా వెనక్కి పంపాం. బిడ్డకు ఒక భాష బాగా వచ్చు, అది మనకు రాదు, అంతే. కన్నడం మాట్లాడే పాప అన్నం పెడుతుంటే ‘సాకు’ అంటుంది, చాలు అని. తెలుగులో ఆ మాటకు వేరే అర్థం ఉండడంతో విద్యార్థిని ఇంకో గరిటె వేస్తుంది. పాప పళ్లెం తోసేస్తుంది. పుస్తకంలో ‘భోజనం దగ్గర మొండితనం’ అని ఎక్కుతుంది. ఇలాంటి ఒక్క పొరపాటు ఆ బిడ్డ గురించి కార్యకర్త అభిప్రాయాన్నే మార్చగలదు.

ఇప్పుడు జట్టు కేంద్రానికి వెళ్లేముందు అక్కడి భాషలో పది మాటలు నేర్చుకుని వెళ్తుంది: నీళ్లు, అన్నం, చాలు, ఇంకా కావాలి, నొప్పి, అమ్మ, రా, కూర్చో, ఒంటికి, భయం లేదు. నేర్పేది ఆ వీధి తల్లులే. పిల్లల ఇంటి పొడుపు కథలు, లెక్కింపు పాటలు కూడా వాళ్ల దగ్గరే తీసుకున్నాం.

తూకాలు, కొలతలు

బరువు, ఎత్తు తీయడం కార్యకర్త బాధ్యత. విద్యార్థులు బిడ్డను పట్టుకోవడం, అంకె రాయడం వరకే. అయినా పద్ధతి తెలియాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు నిండితే నిలబెట్టి. తప్పనిసరై చిన్నబిడ్డను నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు కలపాలి, పెద్దబిడ్డను పడుకోబెట్టి కొలిస్తే అంతే తీసేయాలి. దండచేయి చుట్టుకొలత ఆరు నెలల నుంచి 59 నెలల వరకు: ఎడమ చేయి, భుజం కొసకూ మోచేతికీ సరిగ్గా నడుమ. పట్టీ చర్మానికి తగలాలి, నొక్కకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు తీవ్ర లోపపోషణ, 12.5 లోపు మధ్యస్థం. రెండు పాదాలూ వాచి ఉంటే కొలత ఎంతున్నా ఆ బిడ్డను ఆసుపత్రికి పంపాలి. తల్లి ఎదుట ‘బక్కగా ఉంది’ అన్న మాట ఏ విద్యార్థీ అనకూడదు. కార్యకర్త పక్కకు పిలిచి చెబుతుంది.

దసరా, దీపావళి దాటాక

కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకాయ కోతకు గుంటూరు వైపు, తెలంగాణకు వెళ్లిపోతాయి. పిల్లలూ వెంటే. వారం వారం అలవాటైన బిడ్డ ఒక్కసారిగా కనిపించదు. ఈ ఏడాది మన పనిలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే, దాచడానికి ఏమీ లేదు. చేయగలిగిందల్లా రెండు. అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో బిడ్డ పేరు వెళ్లేచోటి కేంద్రానికి మార్పించుకునే వీలుంది, బయల్దేరేలోపే కార్యకర్తతో ఆ పని చేయించుకోమని తల్లులకు చెప్పడం. రెండోది ప్లాస్టిక్ కవరులో ఒక అట్ట: బిడ్డ ఇంటి భాష, ఇష్టమైన ఆట, పడని తిండి, టీకాల కార్డు. సంక్రాంతికి వచ్చిన కుటుంబాల్లో కొందరి దగ్గర కవరు భద్రంగానే ఉంది. అక్కడి కేంద్రంలో దాన్ని చూపించనే లేదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీతో మాట్లాడి, దిగిన మొదటి వారంలోనే చూపించేలా చేయాలి.

జట్టు నడపడం

అమెరికాలో ఈ రంగపు విద్యార్థి సంఘం ఒకటుంది, ఫ్యామిలీ, కెరీర్ అండ్ కమ్యూనిటీ లీడర్స్ ఆఫ్ అమెరికా. 1945లో ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా పేరుతో మొదలై 1999లో ఇప్పటి పేరు తీసుకుంది. వాళ్లు ప్రతి పనినీ ఐదు మెట్లలో నడుపుతారు: సమస్య ఏదో పోల్చుకోవడం, లక్ష్యం పెట్టుకోవడం, పథకం వేసుకోవడం, చేయడం, చేశాక వెనక్కి తిరిగి చూసుకోవడం. మన జట్లు ఇవే మెట్లు వాడాయి. మొదటి మెట్టు మీద ఎక్కువసేపు నిలవడం మనకు పనికొచ్చింది. గోడలకు రంగులు వేద్దామని బయల్దేరిన జట్టు కార్యకర్తను అడిగితే ఆమెకు కావలసింది పిల్లల ఎత్తుకు అందే చేతులు కడుక్కునే కుళాయి అని తేలింది. ఐదో మెట్టు మాత్రం సగం జట్లు ఎగ్గొట్టాయి.

బాగా మాట్లాడే అమ్మాయే ప్రతిసారీ ఆట నడపడం ఇంకో సమస్య. ఆమె పరీక్షలకు కూర్చుంటే జట్టు మూగబోతుంది. ఆరు వారాలకోసారి నలుగురూ పనులు మార్చుకోవాలని పెట్టాం. రెండో ఏడాదివాళ్లు ఫిబ్రవరి ప్రాక్టికల్స్‌లో పడకముందే, జనవరిలో మూడు వారాలు మొదటి ఏడాదివాళ్లను వెంటబెట్టుకు వెళ్లారు. మొదటి వారం కొత్తవాళ్లు చూశారు, రెండో వారం కలిసి చేశారు, మూడో వారం పాతవాళ్లు గుమ్మం దగ్గర కూర్చున్నారు. పిల్లలు ఏడవలేదు.

ఏ విద్యార్థీ బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు, ఫొటోలు తీయకూడదు. అనుమానం కలిగించేది ఏదైనా కంటపడితే అదేరోజు అధ్యాపకురాలికి చెప్పాలి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 ప్రకారం అలాంటి నేరం తెలిసి దాచడం నేరం.

వచ్చే జూన్ రెండో వారంలో సందర్శనలు మొదలవుతాయి. పాత తెల్ల నూలు దుప్పట్లు, మూత గట్టిగా పట్టే అర లీటరు సీసాలు ఉన్న సభ్యులు మే నెలాఖరులోగా అందజేయాలి. రంగు దుప్పట్లు వద్దు, గంజి పెట్టినప్పుడు రంగు దిగి బొమ్మలు మసకబారుతున్నాయి. కన్నడం, లంబాడీ వచ్చిన సభ్యులు జూన్ మొదటి వారంలో రెండు సాయంత్రాలు కేటాయిస్తే హొళగుంద, తండా జట్లకు మాటలు నేర్పించవచ్చు.