జలపాతం ఫొటో వేశారు, వాగు సంగతి రాయలేదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, మీ ఆదివారం పేజీలో జలపాతాల ఫొటోలు వచ్చేస్తాయి. ఈసారీ వచ్చాయి. హైదరాబాద్ నుంచి ఎన్ని కిలోమీటర్లు, దారిలో టిఫిన్ ఎక్కడ బాగుంటుంది, ఏ బండ మీద నిలబడితే ఫొటో బాగొస్తుంది, అన్నీ రాశారు. ఆ చోటు అటవీ శాఖ కింద ఉందా, లోపలికి పోనిస్తారా, మధ్యలో వాగు ఎన్నిసార్లు దాటాలి, ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా ఉంటుంది, వీటి గురించి ఒక్క ముక్క లేదు. రేపు అక్కడే ఎవరైనా చిక్కుకుపోతే మొదటి పేజీలో 'సెల్ఫీ మోజు' అని హెడ్డింగ్ పెట్టేదీ మీరే. ఇదేం న్యాయమండీ?

2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార చూడ్డానికి వెళ్లినవాళ్లు 80 మందికి పైగా అడవిలో ఇరుక్కుపోయారు. పోయేటప్పుడు దాటిన వాగు వచ్చేటప్పటికి పొంగింది. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రంతా కష్టపడి బయటికి తెచ్చారు కాబట్టి సరిపోయింది. మనం నిలబడ్డ చోట చినుకు పడకపోయినా పైన గుట్టల్లో కురిస్తే వాగు లేస్తుందని ఆ ఊళ్లో పశువులు కాసే పిల్లాడికి కూడా తెలుసు, కూకట్‌పల్లి నుంచి కారేసుకుని పోయినవాళ్లకు ఎవరు చెబుతారు? 2014 జూన్ 8 ఇంకా ఘోరం. హిమాచల్‌లో బియాస్ నది, లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. తప్పు వదిలినవాళ్లదే, నేను కాదనను. కానీ డ్యామ్ దిగువన నదిలోకి దిగకూడదన్న సంగతి మన ఇళ్లలో ఇప్పటికీ ఎంతమందికి తెలుసంటారు?

ఇలాంటివి జరిగినప్పుడల్లా 'ఇంట్లో కూర్చోక ఎందుకు పోయారు' అనేవాళ్లు బయల్దేరతారు. నాకు ఆ మాట నచ్చదు. పోవాలి, తప్పకుండా పోవాలి. మన పక్కనున్న భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు నిండకుండానే. అందరం ఆ ఫొటో చూసి చప్పట్లు కొట్టాం. భువనగిరి తర్వాత డార్జిలింగ్‌లో, లడాఖ్ చలిలో ఆ పిల్లకు ఎంత శిక్షణ ఇచ్చారన్నది మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేదు.

మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల హిమాలయాల ప్లాన్ చూడండి. సెలవు నాలుగు రోజులు దొరికింది, దానికి సరిపడా కొండ వెతుకుతారు! హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లు పైచిలుకు, లడాఖ్‌లోని లేహ్ దాదాపు 3,500. పొద్దున ఇక్కడ ఫ్లైట్ ఎక్కి అదే రోజు అక్కడ దిగితే తలనొప్పి, వాంతులు రావడంలో వింతేముంది? ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేదాకా మొదటి రెండు రోజులూ ఊరికే రెస్ట్ తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక ఇవాళ్టి పడకకీ రేపటి పడకకీ ఎత్తులో తేడా 500 మీటర్లు మించకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఎక్కడం ఆపాలి. ఇవన్నీ కలిపితే నాలుగు రోజులెక్కడ సరిపోతాయి? ఒంట్లో బాగాలేకపోయినా తిరుగు టికెట్ గుర్తొచ్చి ముందుకే నడుస్తారు, అసలు ప్రమాదం అక్కడ. నన్నడిగితే టికెట్ కొనేముందే రెండు రోజులు ఎక్స్‌ట్రా వేసుకోవాలి, లేదా ఆ కొండ వచ్చే ఏడాదికి పెట్టుకోవాలి.

ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచివెళ్లే శివస్వాములను చూడండి, ఒంటరిగా పోరు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన పెద్ద ఒకరు గుంపులో ఉంటారు. నల్లమలలోని సలేశ్వరం జాతరకు కూడా పోనిచ్చేది చైత్ర పౌర్ణమి దగ్గర కొద్దిరోజులే, మిగతా రోజుల్లో అది పులుల అడవి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు గుట్టలకు పోయినా ఏ దారిన పోతున్నారో, ఎవరెవరు వెళ్తున్నారో, ఏ టైమ్‌కల్లా ఫోన్ చేస్తారో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి పోవాలి. ఆ టైమ్ దాటి గంటసేపు ఫోన్ రాకపోతే మా ఆవిడ ఎమర్జెన్సీ నంబర్ 112కి చేస్తుంది, మొహమాటం లేదు. 112కి మన నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే కాల్ పోతుంది, ఏ సిగ్నలూ లేని లోయలో మాత్రం ఇంట్లో ఉన్న కాగితమే దిక్కు. వెనక్కి తిరిగే టైమ్ కూడా ముందే రాసుకుంటాం. చలికాలంలో ఆరు గంటలకే చీకటి కాబట్టి శిఖరం కనిపిస్తున్నా సరే, రాసుకున్న టైమ్ అయితే దిగడమే. మా వాడు చాలాసార్లు అలిగాడు, అలగనీ.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ప్రతి వీకెండ్ కథనం కింద చిన్న బాక్స్ వేయండి. అనుమతి ఎవరివ్వాలి, వాగు ఏ నెలల్లో పొంగుతుంది, చివరి ఊరు ఏది, సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఎన్నింటికల్లా తిరిగి బయల్దేరాలి. నెట్‌లో చూసి కాకుండా అక్కడి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసునూ, ఆ ఊరివాళ్లనూ అడిగి రాయాలి. మీకు మండలానికొక విలేకరి ఉన్నాడు, పెద్ద ఖర్చేమీ కాదు. వానాకాలం ఇంకా చాలా ఉంది, వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్