తర్వాతి వంతుదారుడి కారు

సంపాదకులు గారికి,

నమస్కారములు. సంక్రాంతి దగ్గర పడుతున్న కొద్దీ గోదావరి జిల్లాల రోడ్ల మీద నల్లటి నెంబరు ప్లేటుపై పసుపు అక్షరాలున్న కార్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కార్లకు చట్టం నిర్దేశించిన ప్లేటు అది. గంటల లెక్కన ముందుగా నమోదు చేసుకొని, మనమే నడుపుకొని, పని కాగానే తీసిన చోటనే పెట్టి వచ్చే ఈ కార్లను అద్దె కార్లు అనడం కంటే సభ్యులంతా పంచుకునే కార్లు అనడమే నా దృష్టిలో సరైనది, ఎందుకంటే ఉదయం నేను నడిపిన కారునే మధ్యాహ్నం నాకు పరిచయం లేని మరొకరు నడుపుతారు. రాజమహేంద్రవరంలో అటువంటి ఒక సంస్థలో నేను రెండేళ్లుగా సభ్యుడిని. నెలకు నాలుగు రోజులు తిరగడం కోసం కారు కొని, మిగిలిన రోజులన్నీ దానిని ఇంటి ముందు ఎండబెట్టడం ఇష్టం లేక చేరాను. ఈ లేఖ ఆ సంస్థ మీద ఫిర్యాదు కాదు. తోటి సభ్యులకు చెప్పదలచినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది నా తప్పు.

గత కనుమ నాడు ఉదయం కారు తీసుకొని అంబాజీపేట మండలంలోని మా స్వగ్రామానికి వెళ్లాను. సాయంత్రం ఆరు గంటలకు తిరిగి అప్పగిస్తానని నమోదులో ఉంది. శివుడి ప్రతీకలుగా అలంకరించిన ఎత్తైన ప్రభలను మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకుండా బయలుదేరడానికి మనసొప్పలేదు. గంగలకుర్రు వారి ప్రభలు కౌశిక నదిలో దిగి జనం భుజాల మీద అవతలి గట్టుకు చేరే దృశ్యాన్ని వదిలి రాగలవాడు కోనసీమలో పుట్టి ఉండడు. తీరా బయలుదేరేసరికి దారి పొడవునా జనమే. రావులపాలెం చేరేసరికే ఆరు దాటింది, జొన్నాడ వంతెన మీద మరికొంత సేపు ఆగిపోయింది, కారు అప్పగించేసరికి ఎనిమిదిన్నర. నా తర్వాత ఆరున్నరకు కారు నమోదు చేసుకున్న వ్యక్తి తండ్రిని కాకినాడ ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి ఉంది. పండగపూట వేరే బండి దొరకక, దొరికినదానికి అడిగినంత ఇచ్చి వెళ్లారట. మర్నాడు సంస్థ వారి ద్వారా ఆయన నాతో మాట్లాడినప్పుడు డబ్బు ప్రస్తావన తేలేదు. "ఆలస్యమవుతుందని నాలుగింటికే తెలిసుంటుంది కదండీ, అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదండీ" అన్నారు. నిజంగానే నాకు నాలుగింటికే తెలుసు.

ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల శాఖలో పని చేసినవాడిని కనుక ఆ మాట నాకు రెండింతలు గుచ్చుకుంది. నీరు చాలని దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, మేము వంతులు పెట్టేవాళ్లం. ఇన్ని రోజులు ఎగువకు, ఇన్ని రోజులు కాలువ చివరనున్న శివారుకు అని తేదీలు వేసి, కాలువల కాపలా చూసే లస్కర్లను గట్ల వెంట తిప్పి, వంతు అయిన తర్వాత కూడా తూము దించని రైతులతో తగవులు పడేవాళ్లం. ఎగువ రైతు దుర్మార్గుడేమీ కాదు. పది కిలోమీటర్ల దిగువన ఎండుతున్న చేను అతనికి కనిపించదు, అంతే. ఆ రోజుల్లో రైతులకు నేను చెప్పిన నీతులన్నీ జొన్నాడ వంతెన మీద నాకే గుర్తుకు వచ్చాయి. పంచుకునే కారుకు సంబంధించిన నియమాలన్నీ, గడువు దగ్గర నుంచి శుభ్రం వరకు, ఆ కనిపించని శివారు రైతు కోసం పుట్టినవే.

కార్లను ఇలా పంచుకోవడం స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో 1948లో మొదలైంది. సొంతంగా కారు కొనలేనివారు సహకార సంఘంగా ఏర్పడి ఒకే కారును వంతుల మీద వాడుకున్నారు. అదే దేశంలో 1987లో పుట్టిన రెండు సంఘాలు 1997లో కలిసి ఒక పెద్ద సహకార సంస్థ అయ్యాయి. సంఘంలో ఒకరి ముఖం మరొకరికి తెలుస్తుంది, తెలిసినవారి కారును ఎవరూ పాడు చేయరు. మన దగ్గర ఈ ఏర్పాటు ఫోనులో అడుగుపెట్టింది. ముందు వాడినవారెవరో, తర్వాత వాడేవారెవరో తెలియదు. అందుకే మరింత జాగ్రత్త కావాలి.

గత వేసవిలో దాళ్వా కోతల రోజుల్లో నాకు వచ్చిన కారు ఎడమ పక్కకు లాగుతున్నట్లు అనిపించి వేమగిరి దాటాక ఒక బంకులో ఆపి చూశాను. ఎడమ ముందు టైరు పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు ఉంది. రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చే రోజులవి. ముందు నడిపినవారు అటువంటి రాయి మీదకు ఎక్కించి ఉంటారని నా ఊహ. వారు చెప్పలేదు. బయటికి చిన్న ఉబ్బే కనిపించినా లోపలి దారాలు తెగి ఉంటాయి, జాతీయ రహదారి వేగంలో అది ఎప్పుడైనా పేలవచ్చు. స్టెప్నీ మార్చుకుని సంస్థకు తెలియజేశాను. గీతో సొట్టో పడితే ఖర్చు తన మీద పడుతుందని మౌనంగా ఉండేవారిని కొంతవరకు అర్థం చేసుకోగలను గాని, టైరు, బ్రేకు, లైటు విషయంలో మౌనం మరొకరి ప్రాణం మీదకు తెస్తుంది.

అప్పటి నుంచి కారు తీసే ముందు అయిదు నిమిషాలు చుట్టూ తిరిగి చూస్తున్నాను. నాలుగు పక్కలా ఫోటోలు తీస్తాను, అప్పగించేటప్పుడు మళ్లీ తీస్తాను. టైర్ల గాడి లోతు చూస్తాను, కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. స్టెప్నీలో గాలి, జాకీ, దానిని తిప్పే రాడ్డు ఉన్నాయో లేదో చూస్తాను, ఎందుకంటే జాకీ ఉండి రాడ్డు లేని కారు కూడా నా అనుభవంలో ఉంది. ఆ పైన సీటు, అద్దాలు సరిచేసుకొని, కారు కదలక ముందే వైపరు ఏ పక్కనుందో, లైట్ల మీట ఏదో తెలుసుకుంటాను. సొంత కారులో చేతికి అలవాటైన పనులు పరాయి కారులో చీకట్లో వెతుక్కోవలసి వస్తుంది, మన కాలువ గట్ల మీద అలా వెతుక్కునే తీరిక ఉండదు. ఇంకొక మాట. బంకులో డీజిలా పెట్రోలా అన్నది మూత మీద చదివి చెప్పాలి. నిన్న పెట్రోలు కారు నడిపినవారి నోట ఈ రోజు కూడా పెట్రోలే వస్తుంది. పొరపాటు జరిగితే ఇంజను స్టార్టు చేయకుండా సంస్థకు ఫోను చేయాలి.

కాలువ గట్టు రోడ్ల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు నుంచి పండక్కి వచ్చి ఇక్కడ కారు తీసుకునే పిల్లలకు ఇవి తెలియవు. ఒక పక్క నిండు కాలువ, మరో పక్క పల్లంలో చేను, మధ్యలో ఎదురుబొదురు వాహనాలకు బొటాబొటిగా సరిపోయే రోడ్డు, చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. తారు అంచు దాటిన చక్రం మెత్తటి మట్టిలో దిగబడుతుంది, కంగారులో స్టీరింగు విరిచితే కారు అవతలి పక్కకు పోతుంది. ఎదురుగా కొబ్బరి లోడు లారీ వస్తే వేగంతో తప్పించుకుందామనుకోకుండా వెడల్పున్న చోట ముందే ఆగిపోవడం మేలు. రొయ్యల బండ్ల నుంచి కారే ఐసు నీటితో మలుపులు జారుతూ ఉంటాయి. పుష్యమాసపు తెల్లవారుజామున మంచు దట్టంగా పడితే రోడ్డెక్కడో కాలువెక్కడో తెలియదు, అప్పుడు లైట్లను డిమ్ములో పెట్టుకోవాలి, హై బీము మంచు మీద పడి కళ్లకే కొడుతుంది. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితి ప్రకారం సాధారణ రోడ్లపై కార్లు గంటకు 70 కిలోమీటర్ల వరకు వెళ్లవచ్చు. గట్టు మీద నలభై దాటకూడదని నా అభిప్రాయం. ఒకవేళ కారు కాలువలో పడితే బెల్టు విప్పి వెంటనే పక్క అద్దం దించుకొని బయటపడాలి. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, కాసేపటికి అద్దం మోటారు కూడా పనిచేయకపోవచ్చు. పగలగొట్టవలసి వస్తే పక్క అద్దం మూలను కొట్టాలి, ముందు అద్దంలో రెండు పొరల మధ్య ప్లాస్టిక్కు ఉంటుంది కనుక అది ఊడిరాదు. వెనుక సీటులోని వారు కూడా బెల్టు పెట్టుకోవాలి.

వరదల రోజుల్లో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునిగి ఉన్నప్పుడు నీళ్లు మోకాలి లోతే కదా అని కారు దింపకూడదు. ఇంజనులోకి నీరు పోయాక స్టార్టు చేస్తే జరిగే నష్టాన్ని మామూలు బీమా భరించదు, అది సభ్యుడి నెత్తిన పడుతుంది. ప్రవాహంలో కొట్టుకుపోతే లెక్క చూసుకోవడానికి సభ్యుడే ఉండడు.

స్టీరింగు అప్పగించడం మన ఇళ్లలో మర్యాద అయిపోయింది. బావమరిది అడిగితే కాదనలేం, మేనల్లుడు "ఒక్క రౌండు మావయ్యా" అంటే మనసు కరుగుతుంది. సంస్థ మన లైసెన్సు చూసి మనకు ఇచ్చిన కారు అది. నమోదులో లేనివారు నడుపుతూ ప్రమాదం జరిగితే నష్టమంతా సభ్యుడు మోయవలసి రావచ్చు. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చినందుకు 2019 సవరణ తర్వాత చట్టంలో 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. కోడిపందేల బరి దగ్గర రెండు గ్లాసులు తీసుకున్నవారి విషయానికి వస్తే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమే. ఆ రోజుకు కారును అక్కడే తాళం వేసి, ఆలస్యపు రుసుము కట్టుకోవడం చవక.

శుభ్రం గురించి రెండు మాటలు చాలు. ఆవకాయ జాడీ నూనె సీటులోకి ఇంకితే ఏ సబ్బుకూ పోదు, పులస చేపను బంధువుల కంట పడకుండా దాచి తేవచ్చు గాని దాని వాసనను దాచలేం.

చివరిగా ప్రభుత్వానికి ఒక విన్నపం. అమలాపురం, రాజోలు, నరసాపురం వంటి చోట్ల ఇటువంటి సేవలు అంతగా అందక, తెల్ల ప్లేటు సొంత కార్లను తెలిసినవారి ద్వారా అద్దెకు తిప్పుతున్నారు. సొంత వాడకానికి తీసుకున్న బీమా అద్దె వాడకానికి వర్తించదని ఇచ్చేవారికీ తీసుకునేవారికీ ప్రమాదం జరిగే దాకా తట్టదు. 1989 నాటి కేంద్ర పథకం అద్దె కార్ల లైసెన్సుకు కనీసం 50 కార్లు ఉండాలని నిర్దేశించింది. మన పట్టణాలలో అన్ని కార్లు ఎవరు పెడతారు? పాల సంఘాలను, పరపతి సంఘాలను నడిపిన అనుభవం ఉన్న ఈ ప్రాంతంలో అయిదారు కార్లతో సభ్యులే నడుపుకునే సహకార సంఘాలకు, సరైన బీమా, తనిఖీల షరతుతో అనుమతి ఇవ్వవచ్చునేమో ఆలోచించాలి. సంస్థల వారు కూడా పండగ రోజుల్లో ఒక నమోదుకూ మరొకదానికీ మధ్య కనీసం రెండు గంటల విరామం ఉంచాలి, ఆలస్యమవుతున్న సభ్యుడు తర్వాతి సభ్యుడితో, నెంబర్లు బయటపడకుండానే, నేరుగా మాట్లాడే వీలు కల్పించాలి.

ఈ కనుమకు కూడా కారు నమోదు చేసుకున్నాను. అప్పగించే సమయం రాత్రి పది గంటలని వేశాను.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
రాజమహేంద్రవరం