మా కొట్టు పేరుతో మీరు వేసిన ఈఆర్‌సీ క్లెయిములు, మీ బిల్లు గురించి

మేనేజర్ గారికి,

కోవిడ్‌లో మనుషుల్ని తీసెయ్యకుండా జీతాలిచ్చిన వ్యాపారాలకి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పన్ను క్రెడిట్ (ఈఆర్‌సీ) కోసం మీ సంస్థ కమీషన్ మీద మా పేరుతో క్లెయిములు వేసింది. వాటికి మీరు పంపిన 18,900 డాలర్ల బిల్లు నిన్న అందింది. అది నేను కట్టను. అంతేకాదు, 2023 ఆగస్టులో మీకు కట్టిన 9,240 డాలర్లు వెనక్కి ఇమ్మని అడగడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతారు, ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పాల్సి వస్తోంది, అందుకే ఇప్పుడు అంతా కాగితం మీద పెడుతున్నాను.

మాది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న ఇండియన్ గ్రాసరీ. 2023 ఉగాది వేడుకల్లో మీవాళ్లు స్టాల్ పెట్టారు. అక్కడ మీ అబ్బాయి తెలుగులో పలకరించి, "అన్నా, కోవిడ్‌లో మనుషుల్ని తీసెయ్యకుండా జీతాలిచ్చారు కదా, ఒక్కొక్కరికి 21,000 డాలర్ల దాకా గవర్నమెంట్ ఇస్తోంది, మీరు అడక్కపోతే మీ డబ్బు అక్కడే ఉండిపోతుంది" అన్నాడు. మనవాడు, మన భాషలో చెబుతున్నాడని నమ్మాను. పదిహేను నిమిషాల్లో ఫారం నింపేశారు. మీరు అడిగింది పాత 941లు (మూడు నెలలకోసారి వేసే జీతాల పన్ను ఫారాలు), డబ్ల్యూ-2లు (ఉద్యోగుల ఏడాది జీతాల ఫారాలు) మాత్రమే. మా అమ్మకాల లెక్క ఒక్కసారి కూడా అడగలేదు. నా ఫిర్యాదుకి మూలం ఇదే.

ఎందుకంటే ఈ క్రెడిట్ 2021కి రావాలంటే ముఖ్యంగా రెండే దారులు. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల వ్యాపారం మొత్తమో కొంతో ఆగిపోయి ఉండాలి, లేదా ఆ క్వార్టర్ (మూడు నెలల) అమ్మకాలు 2019లో అదే క్వార్టర్‌తో పోలిస్తే 80 శాతం కంటే తక్కువకి పడిపోయి ఉండాలి. మా కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు. 2020 మార్చిలో డాలస్ కౌంటీ అందర్నీ ఇళ్లల్లో ఉండమన్నప్పుడు కూడా గ్రాసరీలకు మినహాయింపు ఇచ్చింది. ఆ నెలలో సోనా మసూరి బస్తాలు, కందిపప్పు, గోధుమపిండి కోసం జనం వరస కట్టారు, రాత్రి పదింటికి షట్టర్ దించడం కూడా కష్టమైపోయేది. ఇక 2021 సంగతి చూస్తే, మార్చి 10 నుంచి టెక్సాస్ గవర్నర్ వ్యాపారాలన్నీ నూటికి నూరు శాతం తెరుచుకోవచ్చన్నారు. మరి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఏ ఉత్తర్వు మా కొట్టును ఆపిందని రెండో క్వార్టర్‌కీ మూడో క్వార్టర్‌కీ క్లెయిమ్ వేశారు? అమ్మకాలు చూద్దామంటే 2019 మొదటి క్వార్టర్‌లో 4,10,000 డాలర్లు, 2021 మొదటి క్వార్టర్‌లో 5,20,000. పడిపోలేదు, పెరిగాయి. ఈ రెండు అంకెలు అడిగి ఉంటే ఆరోజే స్టాల్ దగ్గరే విషయం తేలిపోయేది.

ఈ మాట అడిగితే మీ ఆఫీసులో ఒకావిడ "ఇండియా నుంచి కంటెయినర్లు లేటయ్యాయి కదండీ, సప్లై చెయిన్ కింద వస్తుంది" అన్నారు. కంటెయినర్లు లేటైన మాట నిజమే, పచ్చళ్లు, అప్పడాలు రెండేసి నెలలు దొరకలేదు. కానీ సరుకు ఆలస్యమైతే అదొక్కటే చాలదని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) 2023 జూలైలోనే లీగల్ మెమోలో చెప్పింది. సరఫరాదారుని ప్రభుత్వ ఉత్తర్వే ఆపిందని, ఆ సరుకు ఇంకెక్కడా దొరక్క మన వ్యాపారమే ఆగిందని కాగితాలతో చూపించాలి. మా దగ్గర అలాంటి కాగితం లేదు, మీ దగ్గరా లేదు. పైగా మా ఆవిడ జీతం, మా తమ్ముడి జీతం కూడా లెక్కలో కలిపారు. కొట్టు నా పేరు మీద ఉందని మీకు తెలుసు. యజమాని తోబుట్టువుల జీతాలు లెక్కలోకి రావని 2021 ఆగస్టు నుంచే ఐఆర్‌ఎస్ నోటీసు ఉంది.

ఇంకొకటి. ఈ క్లెయిములు వేసే 941-ఎక్స్ (941ని సరిదిద్దే) ఫారం చివర్లో, డబ్బు తీసుకుని తయారుచేసినవాళ్లు ఐఆర్‌ఎస్ తమకిచ్చిన పీటీఐఎన్ నంబరు వేసి సంతకం పెట్టే గడి ఉంటుంది. మూడు ఫారాల్లోనూ అది ఖాళీ. సంతకం నాది ఒక్కడిదే. అప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు. రేపు ఏదైనా జరిగితే కాగితాల మీద మీరు ఎక్కడా కనపడరు, నేను మాత్రమే కనపడతాను.

2021 మొదటి క్వార్టర్ చెక్కు 46,200 డాలర్లు 2023 ఆగస్టులో వచ్చింది, అందులో 20 శాతం, 9,240 మీకు ఇచ్చాను. మిగతాది కొత్త ఫ్రీజర్‌కి పెట్టాను. మిగిలిన రెండు క్వార్టర్లు ఐఆర్‌ఎస్ దగ్గర ఆగిపోయాయి, సెప్టెంబర్ 14 నుంచి కొత్త క్లెయిములు చూడటమే ఆపేశారని వార్తల్లో వచ్చింది. అప్పటినుంచి టెన్షన్ మొదలైంది. డిసెంబర్‌లో ఐఆర్‌ఎస్ ఒక అవకాశం ఇచ్చింది. తప్పుగా తీసుకున్నామని తమంతట తాము ఒప్పుకుని 2024 మార్చి 22 లోపు దరఖాస్తు చేసుకుంటే 80 శాతం కడితే చాలు, పెనాల్టీ లేదు, వడ్డీ లేదు. చాలామంది వ్యాపారుల చేతికి పూర్తి డబ్బు రాలేదు, మధ్యవాళ్లు కమీషన్ తీసుకున్నారు, అందుకే ఆ 20 శాతం వదిలేస్తున్నామని వాళ్లే చెప్పారు. నేను ఫిబ్రవరిలో మీకు ఈమెయిల్ పెట్టి చేరమంటారా అని అడిగాను. మీ జవాబు నా దగ్గర ఉంది: "అందులో చేరితే తప్పు చేశామని ఒప్పుకున్నట్టే, కొరివితో తల గోక్కోవడమే, ఆడిట్ మీ ఇంటికే వస్తుంది, మా క్లయింట్లు ఎవరూ చేరట్లేదు." భయపడి ఆగిపోయాను.

ఆ భయం ఖరీదు చెప్తాను. 2024 ఆగస్టులో ఆ కార్యక్రమం రెండోసారి తెరిచినప్పుడు 85 శాతం కట్టమన్నారు, గడువు నవంబర్ 22. ఈసారి మిమ్మల్ని అడగలేదు, ఒక సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్లాను. ఆయన పైన చెప్పిన రెండు అమ్మకాల అంకెలే అడిగారు, పది నిమిషాల్లో తేల్చేశారు. 39,270 డాలర్లు కట్టాను, అందులో కొంత మా బావమరిది దగ్గర చేబదులు. నా దగ్గర మిగిలింది 6,930, మీకు ఇచ్చింది 9,240. అంటే 2,310 డాలర్లు నా జేబులోంచి పోయాయి, సీపీఏ ఫీజు కాక. మార్చిలోనే చేరి ఉంటే 36,960 కట్టేవాణ్ని, మీ ఫీజు పోను సరిగ్గా సున్నాకి సున్నా అయ్యేది. ఆ 2,310 పోయింది కేవలం మీ ఈమెయిల్ వల్ల.

ఇక మీరు బిల్లు వేసిన రెండో, మూడో క్వార్టర్లు. అవి మొత్తం 94,500 డాలర్ల క్లెయిములు, అందులో ఒక్క సెంటు నాకు రాలేదు, ఎందుకంటే ఆ క్లెయిముల్ని నేనే వెనక్కి తీసుకున్నాను. ఫారం మొదటి పేజీలో ఎడమ అంచున వెనక్కి తీసుకుంటున్నామని రాసి, సంతకం, తేదీ పెట్టి ఫ్యాక్స్ చేయడం, అంతే. ఐఆర్‌ఎస్ ఒప్పుకున్నాక అవి అసలు వెయ్యనట్టే లెక్క, పెనాల్టీ లేదు. మన ఒప్పందంలో "అందిన మొత్తంలో 20 శాతం" అని ఉంది. అందిందే లేనప్పుడు ఫీజు ఎక్కడిది? "మేము పని చేశాం కదా" అంటున్నారు. ఏ పని? అమ్మకాలు చూడకుండా వేసిన క్లెయిమ్ పని కాదు.

ఐఆర్‌ఎస్‌కి మీ పేరు ఇచ్చానని మీ మనిషి కోప్పడ్డాడు. నేను కక్షతో ఇవ్వలేదు. క్లెయిమ్ తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, ఏం చేశారో రాయడం ఆ 85 శాతం కార్యక్రమం దరఖాస్తులో షరతు.

నాకు కావాల్సింది చెప్తున్నాను. 18,900 బిల్లు రద్దు చేసినట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. 9,240 వెనక్కి పంపండి. మా ఫైల్లో ఉన్న జీతాల లెక్క, మాకు అర్హత ఉందని మీరు ఏ ఆధారంతో తేల్చారో ఆ కాగితం, అన్నీ కాపీలు పంపండి, లేకపోతే లేదని రాయండి.

నాలుగోది నాకోసం కాదు. అదే స్టాల్ దగ్గర నా ముందు వరసలో ఒక టిఫిన్ సెంటర్ ఆయన, ఒక బ్యూటీ పార్లర్ ఆమె ఉన్నారు. వాళ్లకి అర్హత ఉందో లేదో నాకు తెలియదు, ఉండొచ్చు కూడా. కానీ వాళ్ల అమ్మకాలు మీరు చూసి ఉండరని మాత్రం గట్టిగా చెప్పగలను. మీ క్లయింట్లందరికీ ఉత్తరం రాయండి. డబ్బు ఇంకా రాకపోతే మొత్తం వెనక్కి తీసుకోవచ్చని చెప్పండి. చెక్కు వచ్చి బ్యాంకులో వెయ్యకుండా ఉంటే దాని వెనక రద్దని రాసి తిప్పి పంపొచ్చని చెప్పండి. డబ్బు తీసుకున్నవాళ్లకి ఆ తగ్గింపు దారి మూసుకుపోయింది, ఇప్పుడు 941-ఎక్స్ సరిచేసి పూర్తిగా కట్టాల్సిందే, అదైనా నోటీసు రాకముందే చేసుకోమనండి. 2021 మూడో క్వార్టర్‌కి ఐఆర్‌ఎస్ చేతిలో ఆరేళ్ల గడువు ఉందని 2025 జూలై చట్టంలో వచ్చింది, కాబట్టి పాతబడిపోయిందని ఎవరికీ చెప్పకండి.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫారం 14242 (ఇలాంటి పన్ను స్కీములు అమ్మేవాళ్ల మీద ఫిర్యాదు ఫారం) నింపి ఐఆర్‌ఎస్‌కి పంపుతాను, టెక్సాస్ అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు కూడా వేస్తాను. మీ ఫిబ్రవరి ఈమెయిల్, ఖాళీ గడులున్న మూడు ఫారాలు, ఒప్పందం కాపీ దీనితో జత చేస్తున్నాను. ఇకమీదట ఫోన్ చెయ్యొద్దు, ఏదున్నా రాతలోనే పంపండి.

ఇట్లు,
ఇర్వింగ్ నుంచి మీ పాత క్లయింటు