డాలర్లు సరే, ఫ్యాను ఎవరి ఖర్చు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పన్నెండు రోజుల కిందట మీ జిల్లా అనుబంధంలో ‘డాలర్ల అనాధాశ్రమాలు’ అని అరపేజీ కథనం వేశారు. విదేశీ డబ్బు తీసుకునే పిల్లల హోంల లెక్కలు సరిగా లేవనీ, అవి చట్టాన్ని పట్టించుకోవడం లేదనీ, వాటిలోని చాలామంది పిల్లలకు తల్లి ఉందనీ అందులో రాశారు. ఆ పొద్దున్నే రాద్దామని కూర్చుంటే, కోపంలో ఉన్నప్పుడు రాయొద్దని మా ఆవిడ కాగితం లాక్కుంది. పన్నెండు రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా, అది అనాధ కాదండీ, అనాథ. నాథుడు లేనివాడు అనాథ. పొట్టలో ఒక చుక్క పెట్టాలి. రెండంగుళాల అక్షరాల్లో తప్పు అచ్చేసి, కింద మాలాంటి వాళ్ల లెక్కల్లో తప్పులు వెతికారు. ఒకప్పుడు మీ పత్రిక చూసి పిల్లలు స్పెల్లింగులు దిద్దుకునేవాళ్లు.

రెండోది, ఆ ఫొటో. ఆడపిల్లలు కంచాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. కళ్ల మీద సన్నటి నల్లగీత గీశారు గానీ, చొక్కా జేబు మీద బడి పేరు కళ్లజోడు లేకుండా చదవగలిగాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం (బాలల న్యాయ చట్టం) 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరు గానీ, బడి గానీ, బొమ్మ గానీ పత్రికలో వేయకూడదు. వేస్తే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. హోంలు చట్టాన్ని పట్టించుకోవడం లేదని వాపోయిన కథనం మధ్యలోనే ఆ ఫొటో ఉంది!

నేను బ్యాంకులో 34 ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా మా ఊళ్లో 18 మంది ఆడపిల్లలున్న ఒక హోంకి లెక్కలు రాస్తున్నాను, జీతం లేకుండా. మీరు పేరు రాయలేదు, నిజమే. కానీ మా ఊళ్లో ఉన్నదే ఒక్క హోం. మర్నాడు పాలబ్బాయి గేటు దగ్గర నిలబడి, ‘డాలర్లు వస్తున్నాయంట కదా సార్, మరి నా బాకీ ఎందుకు ఆపారు?’ అన్నాడు. వాడికి ఏమని చెప్పాలి?

డాలర్లు ఎలా వస్తాయో మీ విలేకరి గారు కనుక్కోలేదు, అందుకే చెబుతున్నాను. 2020 సెప్టెంబరు దాకా ఒక పెద్ద సంస్థకు వచ్చే విదేశీ నిధుల్లోంచి మాకూ కొంత అందేది. ఆ నెలలో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. కావాలంటే సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. దానికి అంతకుముందు 3 ఏళ్లలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంటే బయటి సాయం లేకుండా బతకగలమని రుజువు చేస్తే బయటి సాయం తీసుకోనిస్తారన్నమాట. ఊళ్లో బియ్యం మిల్లు వాళ్లూ, మా బ్యాంకు పాత స్నేహితులూ పుణ్యం కట్టుకుంటే ఎలాగో గట్టెక్కాం. అదే సమయంలో మూతబడ్డ హోంలు నాకు తెలిసినవే రెండున్నాయి. ఆ పిల్లలు ఎక్కడికి పోయారో మీ పత్రిక రాయలేదు.

రిజిస్ట్రేషన్ వచ్చాక ఖాతా సంగతి. మా వీధి చివరే స్టేట్ బ్యాంకు ఉంది. విదేశీ డబ్బు మాత్రం ముందు ఢిల్లీలో పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దిగి, తర్వాత ఇక్కడికి రావాలి. మా ఇంట్లోనే చూడండి. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి న్యూజెర్సీలో ఉంటారు. ఇద్దరూ నెలకు చెరో వంద డాలర్లు పంపుతారు. అబ్బాయిది ఇంకా మన పాస్‌పోర్టే, కాబట్టి తన జీతంలోంచి పంపేది మామూలు విరాళం. అమ్మాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. ఆ రోజు నుంచి నేను కన్న కూతురు చట్టం దృష్టిలో ‘విదేశీ మూలం’. దాని డబ్బు ఢిల్లీ మీదుగానే రావాలి. అబ్బాయి స్నేహితుల దగ్గర పోగు చేసి పంపుతానంటే వద్దన్నాను, వాళ్లలో ఎవరి పాస్‌పోర్టు ఏ రంగో నాకేం తెలుసు?

ఇక ఆఫీసు ఖర్చులు. విదేశీ డబ్బులో ఇవి 20 శాతం దాటకూడదు, 2020కి ముందు 50 ఉండేది. నిబంధనల్లో కరెంటు, నీళ్లు, ఫోను, అద్దె ఆఫీసు ఖర్చుల కింద రాశారు. సేవ కోసం నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదని చెబుతూ, బడిలో మాస్టారి జీతం, ఆస్పత్రిలో డాక్టరు జీతం ఉదాహరణగా ఇచ్చారు. ఆయా ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు పడుకున్న గదిలో రాత్రంతా తిరిగే ఫ్యాను సేవా, ఆఫీసా అని మా ఆడిటరు గారూ నేనూ ఏటా ఒక పూటంతా వాదించుకుంటాం. పోయినేడు హాల్లోని మూడు ఫ్యాన్లు సేవ అనీ, వరండాలోది ఆఫీసు అనీ రాజీపడ్డాం.

దొంగ హోంలు లేవని నేననను. ఒకే పిల్లల ఫొటోలు మూడు దేశాల దాతలకు చూపించి మూడు చోట్లా వసూలు చేసినవాళ్ల గురించి నేనూ విన్నాను. అయితే వాళ్లని పట్టుకోవడం ఎవరి పని? ఎంత విదేశీ డబ్బు వచ్చిందో మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన 2022 జూలై దాకా ఉండేది. దాన్ని ఎత్తేసింది కేంద్ర హోం శాఖ. మేమైతే ఇప్పటికీ గేటు పక్కన బోర్డు మీద రాసి పెడుతున్నాం. చదివేవాళ్లే లేరు, దాని మీద సినిమా పోస్టరు అంటించి పోయారు.

దాతల సంగతీ చెప్పాలి, వాళ్లలో మా పిల్లల స్నేహితులున్నా సరే. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు పై అంతస్తు కట్టిస్తామంటారు. గ్రానైటు పలక మీద పేర్లు చెక్కించాలంటారు. అమ్మా, పై అంతస్తు వద్దు, రాత్రి ఆయాకి నెలకు 9 వేలు ఇప్పించండి అంటే మొహం మాడ్చుకుంటారు. ఆయా మీద పలక పెట్టలేం కదా. ఊళ్లోవాళ్లూ తక్కువేం కాదు. ఆగస్టు 15న మూడు చోట్ల నుంచి బిర్యానీ వస్తుంది. పది నోటుపుస్తకాలివ్వడానికి పదిహేను మంది వచ్చి, తలా ఒక చెయ్యేసి ఫొటో దిగుతారు. ఫంక్షన్ హాల్లో మిగిలింది రాత్రి పదకొండుకి తెచ్చి పిల్లల్ని లేపమంటారు. 25 కిలోల బియ్యం బస్తా మాకు మూడు రోజులకు ఖాళీ అవుతుందని చెబితే, అంతా ‘అయ్యో’ అంటారు.

అధికారుల గురించి రాస్తే ఉత్తరం పేజీ దాటుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు 7 మందికి ఒక మరుగుదొడ్డి, 10 మందికి ఒక స్నానాలగది ఉన్నాయా అని లెక్కపెట్టుకుంటారు. మంచిదే, పెట్టాలి. కానీ కిందటిసారి ఒక స్నానాలగది తలుపుకి గడియ ఊడి ఉంటే ఎవరూ చూడలేదు. గది ఉంది, టిక్కు పెట్టారు. ఫైరు సర్టిఫికెట్టు జిరాక్సు మూడో కాపీ లేదని మాత్రం మళ్లీ రమ్మన్నారు.

మీ విలేకరి గారు బయటపెట్టిన పెద్ద రహస్యం, ఈ పిల్లల్లో చాలామందికి తల్లి ఉందని. ఉందండీ. మా 18 మందిలో 13 మందికి ఉంది. బాలల సంక్షేమ కమిటీ ముందు చెప్పే చేర్చుకున్నాం. మొగుడు పోయి, మిరపకాయ కోతల వెంట ఊళ్లు తిరిగే మనిషి పన్నెండేళ్ల పిల్లని ఎక్కడ పెట్టాలి? నేపాల్‌లోనూ కంబోడియాలోనూ హోంలలోని చాలామంది పిల్లలకు తల్లో తండ్రో ఉన్నారనే తేలింది. అక్కడ విదేశీ డబ్బు కోసమే తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని తెచ్చి అనాథలని చూపించినవాళ్లూ ఉన్నారు, అది పాపమే. మన దగ్గర మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద, తల్లి దగ్గరే పెరిగే ఇలాంటి పిల్లకి నెలకు 4,000 ఇచ్చే ఏర్పాటుంది. మా పిల్లల్లో ముగ్గురి తల్లులకు నేనే దరఖాస్తులు నింపిచ్చాను. ఒకామెకు కొన్నాళ్లు వచ్చి ఆగింది. మిగతా ఇద్దరివీ ‘పరిశీలనలో’ ఉన్నాయి. ఆ డబ్బు నెలనెలా సరిగ్గా పడితే మా హోంలో సగం మంచాలు ఖాళీ అవుతాయి. అవ్వాలనే నా కోరిక. కథనంలో ఈ పథకం పేరు కూడా లేదు.

ఈ ఉత్తరం కత్తిరిస్తారని తెలుసు. వీధి కుక్కల మీద పోయిన వేసవిలో రాసింది సగం కోసి, కుక్కల తరఫున రాసినట్టు వేశారు. ఈసారి ఎంత కోసినా 74వ సెక్షన్ ముక్క ఉంచండి. ఆ ఫొటో మీ వెబ్‌సైట్‌లో ఇవాళ పొద్దున కూడా ఉంది, ముందు అది తీసేయించండి.

మీ విలేకరి గారు మళ్లీ రావాలనుకుంటే ఆగస్టు 15న వద్దు. ఏ నెలైనా 27, 28 తేదీల్లో రమ్మనండి. పొద్దున ఆరుకే గేటు తీస్తాం. కెమెరా ఇంట్లో పెట్టి రమ్మనండి. పాలబ్బాయి కూడా ఆ వేళకే వస్తాడు, అతనితోనూ మాట్లాడొచ్చు.

భవదీయుడు,
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
గుంటూరు జిల్లా